పీరా సాబు అరికాళ్లు

మా ఊరికి గడియారం ముగ్గురాయి గనే.
మద్దేన్నం ఒంటిగంటకు సైరన్ ఊళేస్తానే
మా జేజి పొయ్యి మీది సంగటి కుండ దించి
రెండు చేతుల్తో అదిమి పట్టుకుంటుండె,
ఎవరో గుంజుకుపోతారన్నట్టు.
ఆ పైన నేల ఒక్కసారి ఎక్కిలి పెడుతుండె.
మిద్దె దంతెల సందుల్లోంచి మన్ను రాలుతుండె.
గోడకు ఇంకొక వెంట్రుకంత నెర్రె.
బూడిదరంగు దుమ్ము వీధులెంట వచ్చి
కట్టేసిన ఎనుములకు విబూది పూసిపోతుండె.

పెద్దోళ్లు కాంట్రాక్టరును తిట్టుకుంటాండ్రి.
మేము బడి వసారాలో పుస్తకాలు మూసి
నోళ్లు తెరుచుకుని కూర్చుంటాంటిమి.
నోరు తెరిస్తే చెవులు పగలవని పెంచలయ్య చెప్పినాడు.
వాడు చెప్పిన వెయ్యి మాటల్లో
అదొక్కటే నిజమని తర్వాత తెలిసింది.

ఆ శబ్దం మాకు కావాల.
గనోళ్లది కాదు,
మాది, మా చేతుల్తో చేసింది.

దీపావళి మర్నాడు తెల్లారకముందే
కోడూరు షావుకార్ల వీధిలో కాగితాల కుప్పలు కెలికితిమి.
మంచుకు తడిసినవి, తుస్సుమన్నవి,
వత్తి కాలి ఒళ్లు కాలని టపాకాయలు
చెంగల్రాయుడి నిక్కరు జేబుల్లో ఎక్కి
పాసింజరు రైల్లో టిక్కెట్టు లేకుండా ఊరు చేరె.
వారం పాటు ఎండబెడితిమి
జేజి వడియాల పక్కనే,
ఏమివని అడిగితే చింతపండని చెప్పి.

దొడ్లో కోళ్ల గంప వెనక
జేజి వక్కాకు డబ్బా, ఇత్తడిది, ఆమె పుట్టింటిది,
బోర్లించి దాని కింద మా ఆస్తంతా పెడితిమి.
ముట్టించే యాళకు
పెంచలయ్యకు కడుపునొప్పి లేచె.
చెంగల్రాయుడికి వాళ్లమ్మ పిలిచినట్టు ఇనపడె.
అగరొత్తి నా చేతిలో మిగిలె.
దేనికైనా "ఆడపిల్లవు, నీకెందుకే" అనేటోళ్లు
ఆ పొద్దు ఒక్కరూ ఆ మాట ఎత్తలా.

పది లెక్కపెడితిని. ఇరవై.
కోడిపుంజు ఒకటి మెడ వంచి డబ్బాను చూసె.
నేనూ వంగి చూస్తిని.

తర్వాతిది నాకు ముక్కలు ముక్కలుగానే తెలుసు.
మునగచెట్టు పైన ఒక ఇత్తడి సూర్యుడు.
రాలుతున్న పూత.
నోరు తెరిచి అరుస్తున్న జేజి, అరుపు లేదు.
కాలిన వెంట్రుకల వాసన,
అది నా కనుబొమ్మదని అద్దం చూసేదాకా ఎరగను.
దొడ్డి గోడ మీద ఊరంతా తలకాయలై మొలిచింది.
లోకాన్ని దూదిలో చుట్టి పెట్టేసినారు,
లోపల ఒక్క కీచురాయిని మరిచిపోయి.

పక్కింటి పీరా సాబు ఒక్కడే తిరిగి చూడలా.
మాకు వీపు పెట్టి శెనక్కాయలు ఒలుస్తాండినాడు.
గనిలో ఇరవై రెండేండ్లు మందు కూరిన మనిషి,
చెవులు రెండూ గనికే ఇచ్చేసినాడు.
ఒలిచే చేయి ఆగింది.
చెప్పుల్లోంచి పాదాలు తీసి
మెల్లగా నేలకు ఆనించినాడు.
తర్వాత లేచి వచ్చినాడు.

తిట్టలేదు. నా గదవ పట్టుకుని
అటూ ఇటూ తిప్పి, కండ్లు రెండూ ఉన్నాయని చూసుకుని
చెవిటోళ్ల గొంతుతో అరిచి అడిగినాడు,
ఊరందరికీ ఇనపడేట్టు, నాకు మాత్రం సగమే:
"ఒంటిగంటది నా అరికాళ్లకు తెలుస్తాదమ్మా.
ఇది పైకి పోయింది, నేలకు దిగలా.
ఎట్లుండెనో చెప్పు."

గోడ మీది తలకాయలన్నీ నా నోటికేసే చూస్తాండె.
"ఢామ్మని" అంటిని.

నా పెదాలనే చూస్తా కాసేపు నిలబడినాడు.
"అంతేనా?" అన్నాడు.
శెనక్కాయల దగ్గరికి పోయినాడు.

కనుబొమ్మ ఉగాదికి మొలిచింది.
డబ్బా నా దగ్గరే ఉంది, సొట్టతో, మూత పడకుండా.
ఇన్నేండ్లకు ఆయనకు ఇంకొంచెం బాగా చెప్పగలనేమోనని
ఒక్కోనాడు ఒంటిగంటకు చెప్పులు విడిచి నిలబడతాను.
కడప టౌనులో మూడో అంతస్తు మాది.
పైనింటోళ్ల మిక్సీ తప్ప
ఏమీ తగలదు.